కళింగపట్నం దిబ్బకు ఒక పూట

ప్రయాణానికి ప్లాను వేయడంలో మా వీధిలో నాకు సాటి లేరు. గొప్ప కాదు, ఉన్నమాట. విజయనగరంలో నా టైలరింగ్ కొట్టుకు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు, అరకుకు ఏ బండి మంచిదో, ఏ పక్క కూర్చుంటే ఎండ పడదో కూడా పనిలో పనిగా అడిగి పోతారు. మే నెలలో మా వీధి పిల్ల పెళ్లి శ్రీకాకుళంలో అనగానే నా బుర్ర పనిచేసింది. ముహూర్తం రాత్రికి. పగలంతా కల్యాణమండపంలో ఫ్యాను కింద ఆవలిస్తూ కూర్చోవడం దేనికి? అక్కడికి గంట దూరంలోనే కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుకదిబ్బలున్నాయి. ఒక పూటలో చూసి రావచ్చు.

అసలు కారణం వేరే ఉంది. నా కొట్టు పక్కనే ఎండుచేపలమ్మే నూకరత్నానికి కళింగపట్నం పుట్టిల్లు. ఆ దిబ్బ మీద వాళ్ల ఇంటివాళ్లు కొలిచే అమ్మవారి రాయి ఒకటుంది. ఏరు ఏటేటా ఒక దిబ్బను కోసేసి పక్కన ఇంకోటి పోస్తుంది. అందుకని వరదలు రాకముందే పాత దిబ్బ మీది రాయిని కొత్త దిబ్బకు చేర్చాలి. మోయాల్సింది ఆ ఇంటి ఆడపడుచే. ఇన్నాళ్లూ నూకరత్నం మేనత్త మోసింది. మొన్న చలికాలంలో ఆవిడ పోయింది. ఈ ఏడు నూకరత్నం వెళ్లకపోతే ఆ వంతు ఇంకో ఇంటికి పోతుంది.

"ఆ వంతు కూడా పోతే నాకింక పుట్టిల్లని సెప్పుకోడానికి ఏటుంటాదక్కా" అంది ఒకరోజు. మోకాళ్ల నొప్పులు ఆమెకు. బురదలో పడితే ఎలాగని భయం. నేనున్నాను కదా, పద అన్నాను. ఆమె మేనమామ కొడుకు అప్పన్నకు ఫోన్ చేయించాను. సముద్రంలో చేపలవేట నిషేధం కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. ఉదయం పోటు వేళకు రమ్మన్నాడు. పోటంటే సముద్రం పొంగి ఏట్లోకి నీరెక్కే వేళ. అది తీసిందంటే దిబ్బల మధ్య బురద తేలుతుంది, పడవ పోదు.

తెల్లవారకముందే విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కాం. ఎచ్చెర్ల దాటేసరికి ఎండ చురుక్కుమంది. శ్రీకాకుళంలో దిగి, పట్టుచీరల సంచులు మండపంలో పడేసి, టిఫిన్ తిని, ఎనిమిదింటికి కళింగపట్నం బస్సులో కిటికీ పక్క సీట్లు పట్టాం. అంతా నేననుకున్నట్టే నడిచింది. పక్కన తాటిముంజెల గంపతో కూర్చున్న ముసలమ్మ, దిబ్బకని వినగానే నవ్వింది. "అక్కడేటున్నాదని? నీడ నేదు, తాగడానికి నీల్లు నేవు" అంటూనే చెరో రెండు ముంజెలు చేతిలో పెట్టింది. వెళ్లాలనుకునేవాళ్లు ఆ మాట గుర్తుంచుకోండి. గొడుగు, మంచినీళ్లు తప్పనిసరి.

లైట్‌హౌసు దాటి ఏటి ఒడ్డుకు నడిచాం. వేట పడవలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి. అప్పన్న చిన్న పడవకు పసుపు రాసి సిద్ధంగా ఉంచాడు. చెప్పులు ఒడ్డునే విడిచాం. నూకరత్నం తల మీద పెట్టుకోడానికి పసుపు పూసిన చుట్టకుదురు, ఇంకాస్త పసుపు, కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీరు నిండుగా ఉంది. అప్పన్న పడవకు భుజం ఆనించి నెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా నోరు ఊరుకోలేదు. పెళ్లికి అందుకోవాలి కదా, మళ్లీ ఒడ్డుకు ఎన్నింటికి వస్తాం అని అడిగాను.

అప్పన్న నెట్టడం ఆపేశాడు. నూకరత్నం నావైపు చూసి తల దించుకుంది. అతను తాడు తీసి పడవను మళ్లీ కట్టేశాడు. ఏమైందో నాకు అర్థం కాలేదు.

"నీ తప్పు కాదులే అక్కా, నీకు తెల్దు. పడవ నీట్లో దిగీటప్పుడు మళ్లీ ఎప్పుడొస్తామని మేం అడగం. రావడం మన సేతిలో ఉంటాదేటి? ఇప్పుడింక ఇంటికెల్లి, కాల్లు కడుక్కుని, కాసేపు కూకుని బయల్దేరాల" అంది నూకరత్నం.

ఒక్కరూ నన్ను విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. అప్పన్న భార్య కాళ్లకు నీళ్లిచ్చింది, తాగడానికి నీళ్లిచ్చింది, చాప వేసింది. ఆ చాప మీద కూర్చుంటే ముళ్ల మీద ఉన్నట్టుంది. అక్కడ పోటు తీసేస్తోంది. నూకరత్నం వంతు నా నోటివల్ల పోతోందని ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఒళ్లోని కొబ్బరికాయ వదలలేదు.

మళ్లీ బయల్దేరేసరికి నడి ఏట్లో తప్ప నీరంతా పలచబడింది. పాత దిబ్బ దగ్గర దిగాం. సగం కోసుకుపోయింది. కొబ్బరికాయంత రాయి, పసుపు వెలిసిపోయి, ఇసుకలో ములిగి ఉంది. పోటుంటే అక్కడినుంచి కొత్త దిబ్బకు పడవలోనే చేరేవాళ్లు. ఇప్పుడు మధ్యలో బురద. పడవ అక్కడే ఉంచితే కూరుకుపోతుంది కాబట్టి అప్పన్న దాన్ని నడి ఏట్లోకి తీసి పట్టుకోవాలి. అంటే నడవాల్సింది మేమిద్దరమే. రాయి తలకెత్తుకున్నాక నూకరత్నం మాట్లాడకూడదు, మధ్యలో దించకూడదు. ఆ ఇంటిదాన్ని కాదు కాబట్టి నేను తాకకూడదు.

అప్పన్న పొడుగాటి వెదురు గెడ నా చేతికిచ్చాడు. "ముందు పొడిసి సూడు. గట్టిగుంటే అడుగెయ్యండి."

చీర మోకాళ్ల పైకి దోపాను. ఇది నాకు తెలిసిన పనే. జీవితమంతా నలుగురినీ వెంటేసుకుని ముందు నడిచిన మనిషిని. గెడ పొడుస్తూ, ఇటు రా, ఇక్కడ గట్టి, అక్కడొద్దు అని చెబుతూ నడిచాను. వెనక నూకరత్నం ఊపిరి వినిపిస్తోంది. కొత్త దిబ్బ దగ్గర పడేసరికి ఆమె కాలు పిక్కదాకా దిగబడి మోకాలు మడతపడింది. రాయి ఒక పక్కకు ఒరిగింది. నా చెయ్యి దానివైపు పోయి ఆగిపోయింది. రాయిని తాకకూడదన్నారు గాని మనిషిని తాకకూడదని ఎవరూ చెప్పలేదు. గెడ పడేసి, ఆమె చంక కింద నా భుజం పెట్టి లేపాను. రాయి నిలబడింది. ఇద్దరం అలాగే ఒకరినొకరం ఆనుకుని దిబ్బ ఎక్కాం.

నూకరత్నం రాయి దించి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు గట్టిగా ఏడ్చింది. "సూడత్తా, తెచ్చీసినాను" అంది. నాకూ కళ్లు నిండాయి. ఎదురుగా సముద్రం, వెనక ఏరు, మధ్యలో మేమిద్దరం, నిలువెల్లా బురద.

తిరుగు పడవలో అప్పన్న, ఏటక్కా ఇప్పుడడగవా అని వేళాకోళమాడాడు. నేను పెదవి విప్పలేదు. ఒడ్డున చేపలకూర, అన్నం తిని సాయంత్రం బస్సెక్కాం. తలంటుకోవే అని అప్పన్న భార్య చెప్పినా నూకరత్నం వినలేదు. చుట్టకుదురు ఒరిసిన చోట జుట్టులో పసుపు అలాగే ఉంది.

బస్సు కదులుతుండగా మండపం నుంచి మా ఆయన ఫోన్. ఎప్పటికి వస్తారని. నూకరత్నం చప్పున నావైపు చూసింది. బస్సెక్కాం అని మాత్రం చెప్పి పెట్టేశాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"వచ్చే ఏడూ గెడ నువ్వే పట్టాలక్కా" అంది.

దిబ్బ అప్పుడు ఎక్కడుంటుందని అడిగాను.

"ఏరు సెప్తాది."

ఏ రోజు, ఏ వేళ అని అడక్కుండా సరేనన్నాను. ప్లాను లేకుండా నేను ఒప్పుకున్న మొదటి ప్రయాణం అదే.