మిషనక్క లైబ్రరీ

ఆ కాలంలో మా కోనసీమలో ఆడపిల్లకి గవర్నమెంటు ఉద్యోగం వస్తే, పెళ్ళికూతుర్ని చూసినట్టు ఊరంతా వచ్చి చూసేవారు. మలికిపురం అవతల కాలవగట్టు మీదున్న ఊళ్ళో లైబ్రేరియన్‌గా చేరినప్పుడు నన్నూ అలాగే చూసిపోయారు. ఆ తరవాత మళ్ళీ ఎవరూ లైబ్రరీలో కూర్చున్న పాపాన పోలేదు. బీరువాలు తుడిచాను, పొడుగుబల్ల మీద గుడ్డ పరిచాను, కుర్చీలు వరస తప్పకుండా సర్దాను. గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డుండేది గానీ, పాటించడానికైనా మనుషులుండాలి కదా. రోజూ వచ్చి కూర్చునేది పేపరు తాతగారొక్కరే (రిటైరైన పోస్టుమాస్టరు, పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతారని ఆ పేరు నేనే పెట్టుకున్నాను, మనసులో).

నా కుళ్ళంతా ఎదురుగా ఉన్న తాటాకు పాక మీద. అందులో జాకెట్లు కుట్టే ఆవిణ్ణి ఊరంతా మిషనక్క అనేవారు. ఒక కుట్టుమిషను, ఒక చాప, ఒక మంచినీళ్ళ కూజా, అంతే ఆవిడ ఆస్తి. అయినా భోజనాలయ్యేసరికి ఆ చాప మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒకావిడ వారపత్రికలో సీరియల్ పైకి చదువుతుంటే, మిగతావాళ్ళు బియ్యం ఏరుకుంటూ, పిల్లల్ని జోకొడుతూ వినేవారు. 'అయ్యో పాపం' అనేవారు, అంతలోనే పకపకా నవ్వేవారు. అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతేమిటంటే, ఆ వారపత్రిక మా లైబ్రరీదే! మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోయి, దీపాల వేళకి తెచ్చిచ్చేసేవారు. పత్రిక నాది, పాఠకులు ఆవిడకి! కిటికీలోంచి చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని.

ఇంతలో జిల్లా ఆఫీసు నుంచి ఆఫీసరుగారొచ్చి నా ఖాళీ కుర్చీలు చూశారు. "వానాకాలంలో మళ్ళీ వస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ శాఖ ఎత్తేసి మిమ్మల్ని మన్యంలో వెయ్యాల్సి ఉంటుంది" అన్నారు. నాకు ఉద్యోగం వచ్చిందని మా నాన్నగారు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించారు. కూతురు చేరిన ఏడాదికే లైబ్రరీ మూయించిందంటే ఆయన మొహం ఎలా చూడను?

మిషనక్క గుట్టేమిటో కనిపెట్టాలని, క్రిస్మస్‌కి కొన్న జాకెట్టు గుడ్డ పట్టుకుని పాకలోకి వెళ్ళాను. "రండి లైబ్రరీ అమ్మాయిగారూ, కూచోండి" అని చాప దులిపింది. కొలతలు తీసుకుని, గుడ్డ కత్తిరించి, "రేపు రండి, ఇచ్చేత్తాను" అంది. మర్నాడు వెళితే చేతులు తగిలించాలంది. ఆ తరవాత హుక్కులంది. "ఆయ్, ఇదిగో, అయిపోయిందండి. కాసేపు కూచోండి." కూర్చున్నాను. సీరియల్లో అత్తగారు కోడల్ని వెళ్ళగొడుతుంటే అందరితో పాటు నేనూ కళ్ళు తుడుచుకున్నాను. క్రిస్మస్ వెళ్ళింది, ఈస్టర్ వెళ్ళింది, హుక్కులు పడలేదు. అప్పుడు తట్టింది నాకు. ఆవిడ దగ్గర పని అవ్వదు, అందుకే అందరూ కూర్చుంటున్నారు! నేనేమో నిమిషంలో పుస్తకం తీసి చేతిలో పెట్టేస్తున్నాను. ఇంకెందుకు కూర్చుంటారు?

మర్నాడు వారపత్రికని సొరుగులో దాచేసి, దానికోసం వచ్చినావిడతో "వెతకాలండి, కాసేపు కూర్చోండి" అన్నాను.

"వెతకండమ్మా, తొందరేముంది? మిషనక్క కాడ కూచుంటాను. దొరికేక ఓ కేకెయ్యండి" అని ఆవిడ చక్కా వెళ్ళిపోయింది. ఖాళీ గదిలో నేను చాలాసేపు వెతుకుతున్నట్టు నటించాను (ఎవరికోసమో మరి, తాతగారు కూడా నిద్రలోనే ఉన్నారు).

వానలు పట్టుకున్నాయి. పాక కారడం మొదలైంది. ఓ మధ్యాహ్నం మిషనక్క తడుస్తూ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. "అమ్మాయిగారూ, మిషను తుప్పట్టిపోద్దండి. నాలుగు రోజులు మీ అరుగు మీద పెట్టుకోనిత్తారా?" వద్దనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ వెనకాల, గోనెసంచులు నెత్తిన కప్పుకుని, నాకు రావలసిన పాఠకులందరూ నిలబడున్నారు. "అరుగు మీద జల్లు కొడుతుంది, లోపలికే తెచ్చుకోండి" అన్నాను, పళ్ళ బిగువున. చాప పరుచుకుంది, కూజా వచ్చింది. నిశ్శబ్దం బోర్డు మీద ఎవరో తడిగొడుగు తగిలించారు. మిషను చప్పుడుకి తాతగారికి మరీ హాయిగా నిద్రపట్టింది. జాకెట్టు కోసం ఎదురుచూసేవాళ్ళు ఊరికే ఉండలేక బీరువా తలుపులు తీయడం మొదలెట్టారు.

ఆ వారంలోనే ఆఫీసరుగారు దిగారు. కిక్కిరిసిన గదిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. మిషనక్క ఆయన చొక్కాకేసి చూసి, "గుండీ ఊడిందండి బాబుగారూ. ఇలా కూచోండి, కుట్టేత్తాను" అంది. ఆయన కూర్చున్నారు. సీరియల్ అయ్యేదాకా లేవలేదు. వెళ్ళేముందు "శాఖకి ఢోకా లేదమ్మా. ఈవిణ్ణి మాత్రం వదులుకోకండి" అన్నారు నాతో. ఊపిరి పీల్చుకున్నాను. కానీ నా గురించి, పొడుగుబల్ల మీది గుడ్డ గురించి ఒక్క మాటైనా అంటే ఏం పోయింది?

ఆ నాలుగు రోజులు నేనున్నన్నాళ్ళూ సాగాయి. కొత్తపేటకి బదిలీ అయి బస్సెక్కబోతుంటే మిషనక్క పరుగున వచ్చి ఓ పొట్లం చేతిలో పెట్టింది. నా క్రిస్మస్ జాకెట్టు, హుక్కులతో సహా.

"ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదక్కా?"

"ఇచ్చేత్తే మీరింక మా పాకకి రారని ముందు దాచేనండి. మీ దగ్గిరికొచ్చేక, ఇచ్చేత్తే ఇంక మిషను తీసెయ్యమంటారేమోనని భయమేసిందండి" అంది తల వంచుకుని.

మొన్న అటువైపు ఓ పెళ్ళికి వెళితే, ఊళ్ళో అందరూ దాన్ని 'మిషనక్క లైబ్రరీ' అంటున్నారు. అక్కడ పనిచేసిన నా పేరు ఒక్కరికీ గుర్తులేదు. రిటైరైపోయిన మనిషిని, ఈ వయసులోనూ చురుక్కుమంది. ఇంటికొచ్చి బీరువాలోంచి ఆ జాకెట్టు తీశాను. నాకిప్పుడది మోచెయ్యి దాటి ఎక్కదు. ఎక్కడైనా ఒక్క కుట్టయినా ఊడిందేమోనని అద్దాలు పెట్టుకుని మరీ వెతికాను. ఊడలేదు, మహాతల్లి.