కింద పెట్టిన పలక

మా మేనమామ పోయాడని మైదుకూరు నుంచి మనిషొచ్చి చెప్పాడు. అక్కడి మిషన్ బడిలో ఆయన ఇంగ్లీషు అయ్యవారు. నాకూ ఆయనే చదువు చెప్పాడు.

మాటను విప్పి చూపడమంటే ఆయనకు మహా ఇష్టం. శెనక్కాయ ఒలిచినట్టు ముందుదీ వెనుకదీ తీసేసి లోపలి గింజ చూపేవాడు. ఒకరోజు పెద్దరైతు కొడుకొకడు పత్రికలో చూసిన 'అన్‌టచబుల్' అనే మాటకు అర్థమడిగాడు. మేము ఊరి బయట పల్లె కిరస్తానీలం. ఆ మాట మా గురించే.

మామ దాన్ని నల్లబల్ల మీద రాశాడు. "టచ్ అంటే తాకేది. అది ఇంగ్లీషోళ్ల సొంతం కాదప్పా, ఫ్రెంచోళ్ల కాడ తెచ్చుకున్యారు. యెనకుండే ఎబుల్ గూడా ఆడిదే. ముందరుండే అన్, అంటే వద్దనేది, అదొగటే ఇంగ్లీషోళ్లింటిది." నవ్వాడు. "వద్దనేదానికి ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు సూడు."

ఊరి పిల్లలు పలక ఆయన చేతికిచ్చేవాళ్లు కాదు. గడప మీద పెట్టి వెనక్కి జరిగేవాళ్లు. ఆయన దిద్ది మళ్లీ అక్కడే పెడితే, నీళ్లు చిలకరించి తీసుకునేవాళ్లు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. నాకు మంచినీళ్లిచ్చినా చెంబు నేల మీద పెట్టి చెయ్యి లాక్కునేవాడు. అత్తకు ఒళ్లు మండేది.

"మనింట్లో గూడా ఏందిది? చేతికియ్యి!"

ఆయన సిగ్గుపడేవాడు. ఒకసారి మాత్రం నాతో అన్నాడు, "ఇంతమందికి సదువు సెప్తి గదరా. ఒగడన్నా పలక చేతికిస్తాడేమో అని సూస్తాండా."

ఎవరూ ఇవ్వలేదు.

మామ పెట్టె గుంతలోకి దించాక, వచ్చినవాళ్లందరికీ దాని మీద వెయ్యడానికి పిడికెడు మట్టి నేనే అందించాను. అందరికన్నా చివర ఆ రైతు కొడుకు వచ్చాడు. మీసాలొచ్చాయి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఊరివాళ్లెవరూ రాని చోటికి ఒక్కడే వచ్చి, నా ముందు చెయ్యి చాపాడు.

పుట్టినప్పట్నుంచీ ఊరివాళ్లకు అలాగే ఇచ్చిన చెయ్యి నాది. ఆలోచించేలోపే వంగి, మట్టి నేల మీద పెట్టి వెనక్కి జరిగాను.

"చేతికే ఇయ్యొచ్చు గదప్పా," అన్నాడు మెల్లిగా.

అతను కూర్చుని ఆ మట్టిని కూడదీసుకున్నాడు. పారలు పట్టుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు. గుంత అంచున పిడికిలి బిగించి నిలబడ్డాడు. చాలాసేపు దాన్ని తెరవలేదు.