లాకులో నేను వేసిన ముడి

మా ఆయన బతికున్నన్నాళ్లూ, పడవ సంగతి ఎవరడిగినా తాడు ఇరుక్కుందనే చెప్పేవాడు. ఇరుక్కోలేదు. నేనే కట్టా. ఆయన పోయాక ఇంక దాచేదేముంది? నాకు రాత రాదు, నేను చెప్తుంటే వేరేవాళ్లు రాస్తున్నారు.

మాది మెట్ట ఊరు. బావి ఎంత లోతంటే, చేంతాడు లాగి లాగి అరచేతులు కాయలు కాసేవి. తాడు జారనిచ్చిన పిల్లకి ఆ పూట వీపు పగిలేది. పట్టుకున్న తాడు వదలకూడదు, నాకొచ్చిన చదువు అదొక్కటే.

ఆయన డెల్టాలో కాలవ గట్టున పుట్టాడు. అమెరికాలో ఇంజనీరు. న్యూయార్క్ రాష్ట్రంలో పైనెక్కడో చలి ఊళ్లో ఉండేవాళ్లం. ఎనభైల్లో ఒక ఎండాకాలం, అక్కడి కాలవలో తిరగడానికి పొడుగాటి ఇరుకు పడవ వారానికి అద్దెకి తీసుకున్నాడు. పొయ్యి, మంచాలు అన్నీ అందులోనే.

"మా ఊరి లాకులే ఇక్కడా ఉన్నాయే!" అని సంబరం.

నీళ్లంటే నాకు ప్రాణం పోయే భయం. ఆరేళ్ల మా పిల్లకి లైఫ్ జాకెట్ వేసి, దాని పట్టీ నా కొంగుకి ముడేసుకుని కూర్చున్నా.

"అది మునిగితే నువ్వూ మునుగుతావు. అంతేగా నీ తెలివి?" అని నవ్వాడు.

"మునగనీ. ఒక్కదాన్నే మిగిలి నేనేం చెయ్యను?"

మర్నాడు మొదటి లాకు. పడవ లోపలికి పోయాక వెనక గేటు మూసి నీళ్లు తీసేస్తారు. పడవ దిగుతుంది. అప్పుడు ముందు గేటు తీస్తారు. గోడ మీంచి తాళ్లు వేలాడుతుంటాయి. ముందు తాడు నాది, వెనకది ఆయనది.

"ఊరికే పట్టుకో. దిగేకొద్దీ వదుల్తూ ఉండు" అన్నాడు. పిల్ల లోపల నిద్రపోతోంది.

నీళ్లు కదిలేసరికి తాడు చేతుల్లో జారింది. పడవ కొట్టుకుపోతుందనుకున్నా. పడవ ముందు ఇనప గుంజ ఒకటి ఉంటే, దానికి గేదెని కట్టే ముడి వేశా. రెండోది కూడా వేశా. ఆయనకి చెప్పలేదు.

వెనక వైపు దిగిపోతోంది. ముందు వైపు తాడుకి వేలాడింది. లోపల గిన్నెలు దొర్లాయి, ఆ వెంటే పిల్ల ఏడుపు. లాకు మనిషి నీళ్లు ఆపడానికి కేకలేస్తూ పరిగెత్తాడు. ఆగమంటే అవి ఒక్కసారిగా ఆగుతాయా!

"ఏం చేశావే! విప్పు!"

"రావట్లేదండీ! బిగిసిపోయింది!"

గోళ్లు విరిగాయి. చాకుతో కూరలు తరగడం చేతకాక ఇంటి నుంచి కత్తిపీట తెచ్చుకున్నా. అంతకుముందే పడవ ముందు వైపు కూర్చుని బెండకాయలు తరిగా. పడవ వాలేసరికి అది జారి గది గోడకి తగిలి ఆగింది. పీట పట్టుకుని ఎత్తి, తాడుని పరపరా కోశా. నా అరచెయ్యీ తెగింది.

పడవ దబ్బున నీళ్ల మీద పడింది. పాక్కుంటూ లోపలికి పోతే, పిల్ల దిండు కరుచుకుని కింద కూర్చుంది.

"మమ్మీ, బోట్ ఎందుకు ఫాల్ అయింది?"

ఆయన తిట్టలేదు. "ఇది బావి కాదే" అన్నాడంతే.

నేను దిగి గట్టున నడిచొస్తానన్నా.

"పిల్లని నా దగ్గర వదిలి నడుస్తావా? నడు."

నడవలేనని ఆయనకి తెలుసు.

మధ్యాహ్నం ఇంకో లాకు. పిల్లని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని, తాడుని బెత్తెడు బెత్తెడు వదిలా. గేటు తెరుచుకుంది. నా పిడికిలి తెరుచుకోలేదు. ఆయన వెనక నుంచి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, వేళ్లు ఒక్కోటీ విప్పాడు.