అక్క చెట్లకొచ్చిన జబ్బు

రాయచోటి బస్సు దిగి మా ఊరికి నడుస్తుంటే ముందు మా బావగారి చేను వస్తుంది, ఆ తర్వాత మాది. మధ్యలో ఒక మట్టి గట్టు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ చీట్లు వేసుకుని పంచుకున్న నేల అది. వేరుశనగ వేసి వేసి విసిగిపోయి, ఒకే ఏడాది రెండు చేలలోనూ శ్రీగంధం నాటాము. ఫారెస్టు నర్సరీ నుంచి ఒకే ట్రాక్టరులో వచ్చిన మొక్కలు. శ్రీగంధం ఒంటరిగా బతకదు, పక్క మొక్క వేరు నుంచి తాగి పెరుగుతుంది. అందుకని సాళ్ళ మధ్య ఇద్దరమూ కంది చల్లాము.

మా తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. నేను ఇంటర్ పాసయ్యాను. ఈ మాట ఇక్కడ రాయనక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో నా మనసులో ఎప్పుడూ ఇదే తిరిగేది కాబట్టి రాస్తున్నాను. ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా ఆమెనే అడిగేవాళ్ళు. గ్రామ సచివాలయంలో ఆమెకు కుర్చీ వేసేవాళ్ళు. చెట్లు కూడా ఆమెవే ముందు లావయ్యాయి. ఎవరూ లేనప్పుడు నేను గట్టు దాటి, చీర కొంగుతో ఆమె చెట్టు మాను కొలిచి, ముడి వేసుకుని వచ్చి నా చెట్టు కొలిచేదాన్ని. ప్రతిసారీ ముడి నా చెట్టును దాటి ఉండేది.

చెట్లు కాస్త చేవ పట్టాక చుట్టుపక్కల దొంగలు మొదలయ్యారు. పక్క ఊళ్ళో ఒక రైతు చేనులో రంపంతో కోసుకుపోయారు. కాపలా కాయలేక మేము కొన్ని చెట్లు కొట్టుకోవడానికి అనుమతి అడిగాము. మన పట్టా భూమిలో మనం పెంచినదే అయినా శ్రీగంధం కొట్టాలంటే ఫారెస్టు వాళ్ళు ఒప్పుకోవాలి, బండి ఎక్కించాలంటే ఇంకో కాగితం ఉండాలి. పాసు పుస్తకం నకలు, అడంగల్, చెట్ల లెక్క, అన్నీ నేనే నా చేతిరాతతో రాసి ఇచ్చాను. ఆ అర్జీ ఫారెస్టు రేంజి ఆఫీసు నుంచి తహశీల్దారు ఆఫీసుకు, అక్కడి నుంచి సర్వేయరు దగ్గరికి, మళ్ళీ వెనక్కి తిరుగుతూనే ఉంది.

అప్పుడు అక్క చెట్లకు జబ్బు వచ్చింది.

ఒకరోజు పొద్దున ఆమె ఒక కొమ్మ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఇది చూడు మే. ఆకులు చింతాకు మాదిరి చిన్నగైపోయినాయి. ఏమో ముండ్ల మాదిరి పైకి నిలబడుకోని ఉండాయి" అంది.

అయ్యో అన్నాను. మాటైతే అన్నాను గానీ, కడుపులో ఏదో చల్లబడింది. ఆ సాయంత్రం అన్నం రుచిగా తిన్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఆ కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుని రేంజి ఆఫీసుకు పోయింది. వారం తిరక్కుండా ఆఫీసరు చేనులో దిగాడు. కొమ్మలు విరిచి చూశాడు.

"ఇది అంటుకునే తెగులమ్మా. చిన్న పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. మందు లేదు. సోకిన చెట్లు తీసేయాల్సిందే. ఆలస్యమైతే తక్కినవీ పోతాయి" అన్నాడు.

నా అర్జీ ఏడాది తిరిగిన దారిని ఆమె అర్జీ రెండు నెలల్లో తిరిగి వచ్చింది. జబ్బు చెట్లకు వేరే దారి ఉందట. రెవెన్యూ వాళ్ళు, ఫారెస్టు వాళ్ళు కలిసి వచ్చి మానుల మీద తెల్ల రంగుతో అంకెలు వేశారు. చెట్లు కొట్టిన రోజు చేవ వాసన గట్టు దాటి మా వాకిలి దాకా వచ్చింది. నేను తలుపు దగ్గరకు వేసుకుని కూర్చున్నాను. అయినా వచ్చింది. దుంగల మీద సుత్తితో ముద్రలు కొట్టి, బండికి కాగితమిచ్చి పంపించారు. అంతటితో అయిపోలేదు. ఖాళీ అయిన చోట వేసుకోవడానికి కానుగ, చింత మొక్కలు ఉచితంగా ఇచ్చారు. ఉపాధి హామీ కింద గుంతలు తవ్వించారు. సచివాలయంలో రైతులను పిలిచి మీటింగు పెట్టి, తెగులును ఎలా గుర్తుపట్టిందో ఆమెతోనే చెప్పించారు. నేను చాప మీద కూర్చుని విన్నాను. మనిషి సంపద మీద అసూయపడడం చూశాను గానీ, మనిషి చెట్లకొచ్చిన చీడ మీద అసూయపడింది నేనొక్కదాన్నేనేమో.

ఆ మీటింగు అయిన రెండో రోజు నేనొక పని చేశాను. కాల్చడానికి గట్టు పక్కన అక్క పోగేసిన కొమ్మల్లోంచి ఆకు రాలనిది ఒకటి తీసుకుని, సంచిలో పెట్టుకుని, రాయచోటి బస్సెక్కాను. మా చేనులో కూడా తెగులు సోకిందని ఆఫీసులో చెప్పి, కొమ్మ చూపించి, అర్జీ ఇచ్చాను. మా ఆయనకు కూడా నిజం చెప్పలేదు.

ఆఫీసరు నాలుగు రోజులకు వచ్చాడు.

"ఈ కొమ్మ ఏ చెట్టుదమ్మా?"

నేను చేతికి అందిన చెట్టు చూపించాను. ఆయన దాని చుట్టూ తిరిగాడు. పైకి చూశాడు. "దీనికి యాడా కొమ్మ విరిచిన గుర్తే లేదే" అన్నాడు.

అప్పుడే గట్టు మీద నుంచి అక్క గొంతు వినబడింది.

"అది నా చేని కొమ్మ సార్. తెగులు ఎట్లుంటాదో గుర్తుకుంటాదని నేనే ఇచ్చినా. చెట్లు పోతాయని భయపడి దాన్నే ఎత్తుకోని వచ్చినట్టుంది."

ఆఫీసరు మా ఇద్దరినీ చూశాడు. "ఎట్లాగూ వచ్చినాను కదా, అన్ని సాళ్ళూ చూస్తా" అని నడిచాడు. గట్టు పక్క సాలులో ఆగాడు. రెండు చెట్లలో ఒక్కో కొమ్మ చివర ఆకులు సన్నబడి నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎప్పుడూ మానులు కొలుచుకునే నేను తలెత్తి చూడనే లేదు.

ఆయన పోయాక అక్కను అడిగాను. "ఎందుకక్కా అట్ల చెప్పినావు?"

"మరేం చెప్పాల? దొంగ కొమ్మ అని చెప్పాల్నా?" అంది. నేను తల దించుకున్నాను. తనే మళ్ళీ అంది. "నీ చెట్లు చూద్దామని నెల నుంచీ అనుకుంటాండా. అడిగితే నువ్వు మూతి ముడుచుకుంటావు. నీ దాంట్లో తెగులుంటే మల్లా నా మిగిలిన చెట్లకు రాదా? ఆయప్ప వచ్చి చూస్తే శానా మేలని గమ్మునున్నా. నువ్వు కొమ్మ తీసుకోని పోయింది నేను చూసినాలే."

ఆమె నన్ను ప్రేమతో కాపాడిందనుకుని అప్పటిదాకా సిగ్గుతో చచ్చిపోతున్నాను. తన చెట్ల కోసమని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికి వచ్చాక మళ్ళీ మంట మొదలైంది. నేను చేసిన మోసాన్ని కూడా తనకు పనికొచ్చేలా తిప్పుకుంది, అంత తెలివి నాకెందుకు లేదని.

ఆ రెండు చెట్లకూ అనుమతి వచ్చింది, మొక్కలూ వచ్చాయి. మంచి చెట్ల అర్జీ మాత్రం ఇంకా ఆఫీసులోనే ఉంది. ఈలోగా చుట్టుపక్కల చేలలో కూడా తెగులు కనబడింది. రైతులు అక్క దగ్గరికి వస్తారు, ఆమె వాళ్ళ చేనికి పోయి చూస్తుంది. కాగితాలు నింపాల్సి వస్తే నా దగ్గరికి పంపిస్తుంది. ఎన్ని అర్జీలు రాశానో గుర్తు లేదు. వాటిలో నా పేరు ఎక్కడా ఉండదు.

పోయిన నెలలో లక్కిరెడ్డిపల్లె వైపు నుంచి ముసలి మొగుడూ పెండ్లాలు ఒక కొమ్మ పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"పెద్దామె యాడుందమ్మా?" అని అడిగాడు ఆయన.

"రాయచోటికి పోయింది. సాయంత్రం వస్తుంది" అన్నాను. వాళ్ళు అరుగు మీద కూర్చోబోయారు. నేను చేయి చాపి, "నాకు చూపీండి" అన్నాను. చూశాను. తెగులు కాదు, నీళ్ళు చాలక వాడిన ఆకు. అదే చెప్పాను. చెట్టుకు ఎలా నీళ్ళు పెట్టాలో, తెగులైతే ఆకు ఎలా ఉంటుందో కూడా చెప్పాను. ముసలామె శ్రద్ధగా వింది.

మజ్జిగ తాగి లేచారు. గడప దిగుతూ ఆయన అన్నాడు. "సంతోషమమ్మా. ఎట్లాగూ సాయంత్రం బస్సుకే కదా పోయేది. ఆమెకు గూడా ఒకసారి చూపిచ్చి పోతాంలే."

చూపించండి అన్నాను.