జొన్నలకు బదులు బూడిదోడు

ఆ రోజుల్లో మా కేతేపల్లి వైపు పనిలో పెట్టుకోవడానికీ, తీసేయడానికీ కాగితాలుండేవి కావు, ఉగాది ఉండేది. ఉగాదినాడు జీతానికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా ఆ ఇంటి మనిషివే. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. నడుమ తీసేస్తే మిగిలిన నెలల జొన్నలు కూడా కొలిచి ఇచ్చి పంపాలి, అది ఊరి న్యాయం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. సావుకారు నూనె గానుగ దగ్గర ఎద్దును తోలేవాణ్ణి. దాని పేరు బూడిదోడు. కళ్ళకు గంతలు కట్టుకుని అది తిరిగేది, కళ్ళు తెరుచుకుని నేను తిరిగేవాణ్ణి (ఇద్దరం చేరుకున్న ఊరు మాత్రం ఒకటే, బయలుదేరిన చోటే). పొద్దున్నే నలిగే నువ్వుల వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

నేను జీతానికి కుదిరిన నాలుగో ఏడు దసరా దాటగానే సావుకారు పట్నం నుంచి నూనె తీసే ఇంజను తెప్పించాడు. "ఇగ గానుగ బందురా. రేపొచ్చి నీ లెక్క మాట్లాడుకో" అన్నాడు. మా అవ్వ (అమ్మానాయినలు పోయాక నన్ను పెంచింది ఆవిడే) పొయ్యి మీద అంబలి పొంగిపోతున్నా పట్టించుకోకుండా నాకు పాఠం చెప్పింది. "గుమ్మిల జొన్నలు అడుగంటినయి బిడ్డా. మొదలు జొన్నలడుగు. అటెన్క గొంగడి, చెప్పులు. కూసోమంటే కూసోకు. నీ మొకం నీ మాట ఇనదు, తల వంచుకోనే మాట్లాడు."

తల వంచుకునే వెళ్ళాను. ఉగాది దాకా జొన్నలు కావాలన్నాను. సావుకారు చల్లగా "ధర్మమేరా, కొలిపిస్త" అన్నాడు. గొంగడికీ సరే, చెప్పులకీ సరే. గెలిచానని తల ఎత్తాను. అదే నా కొంప ముంచింది. ఎదురుగా కొట్టంలో ఎవడో బేరగాడు బూడిదోడి నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు.

"అయ్యా, గీ ఎద్దునెటు తోలుకపోతున్నరు?"

"అంగడికిరా. ముసలిదాయె, కోతకే పోతది."

"నాకియ్యరాదయ్యా?"

సావుకారు ఊరికే సావుకారు కాలేదు కదా. నా మొహం ఒక్కసారి చూసి "జొన్నలిడిశిపెడ్తవా?" అన్నాడు. ఇడిశిపెడ్త అన్నాను. "గొంగడో?" అదీ అన్నాను. ఆయన చూపు నా కాళ్ళ మీదికి దిగేసరికి, అడగకముందే చెప్పులు కూడా వద్దన్నాను.

బాట మీదికి తేగానే గంతలు లేని వెలుతురుకు బూడిదోడు బెదిరిపోయింది. తెలివిగలవాణ్ణి కనుక నా తువ్వాలు దాని కళ్ళకు కట్టాను. అంతే, గానుగకు కట్టారనుకుని బాట నడుమ నా చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. బండ్లవాళ్ళు ఆగి "ఏం నూనె తీస్తున్నవురా?" అని ఒకటే నవ్వు. తువ్వాలు విప్పితే కదలదు, కడితే తిరుగుతుంది. చివరికి విప్పేసి, దాని మెడ మీద చేయి వేసి, చెవిలో కబుర్లు చెబుతూ పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను.

"నోట్లకు జొన్నలు తెమ్మంటే ఇంకో నోరును తోలుకొస్తివారా!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ తిట్లు వాడకట్టంతా విన్నది. తిడుతూనే మా ఇద్దరి గంజిలో సగం దాని ముందు పెట్టింది. ఆ ఏడు నేను కూలికి పోయి, అప్పు తెచ్చి, ముగ్గురం ఎట్లాగో బతికాం. అంత ఆకలిగా, అంత హాయిగా మళ్ళీ ఎన్నడూ లేను.

తర్వాత పట్నంలో చాలా కొలువులు చేశాను. రెండు చోట్ల తీసేశారు. అప్పటికి నా మొహం కూడా నా మాట వింటోంది. ఎదురుగా కూర్చుని, రూలు చెప్పి, రావలసిందంతా చిల్లరతో సహా రాబట్టాను. రెండోసారి అట్లా గెలిచి వచ్చిన సాయంత్రం తాళం తీసి లోపలికి పోయాను. కుడితి పెట్టడానికి ఎద్దు లేదు, నెత్తి కొట్టుకోవడానికి అవ్వ లేదు. ఎంత పెద్ద బేరగాడినయ్యానో అని నాలో నేనే నవ్వుకున్నాను. ఎవరైనా కడుపునిండా తిడితే బాగుండుననిపించింది.