బంకర్లో పెళ్లికోటు కొలతలు

మూడేళ్ల క్రితం తిరుపతిలో మిత్రులం కొందరం కలిసి యుద్ధం మీద ఒక చిన్న సినిమా తీశాం. రాసిందీ, డైరెక్ట్ చేసిందీ నేనే. కథ మాత్రం పూతలపట్టులో ఉండే ఒక మాజీ సైనికుడు చెప్పింది. బంకర్లో ఆయన పక్కనే ప్రాణం వదిలిన స్నేహితుడి కథ. ఆ స్నేహితుడిది చిత్తూరులో బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం. బయట గుండ్లు పడుతుంటే, బూటు లేసు పట్టుకుని అందరికీ పెళ్లికోటు కొలతలు తీసేవాడట.

మొదట ఆ సీనుకు కామెడీ మ్యూజిక్ పెట్టాం. నవ్వుతుండగానే గుండు పడేది. చూసినవాళ్లు బాగా నవ్వారు గాని, అతని చావు ఎవరి మనసుకూ తగల్లేదు. నాకు సిగ్గేసి సీను మొత్తం తీసేశాను. మొదటిదీ చూసిన మాజీ సైనికుడు, ఈసారి ఆ సీను లేకపోవడం చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఇదెవురప్పా? ఈ మనిషిని నేనెరగను. వాడు నవ్వించకపోతే ఆడ మాకు పిచ్చి పట్టేది."

"చావు ముందర నవ్వు పెడితే ఎగతాళి అనుకుంటారేమో అన్నా."

"నవ్వు ఉండనీబ్బా. ఎనకాల మోగే ఆ పీపీ తీసెయ్."

సీను మళ్లీ పెట్టి, మ్యూజిక్ తీసేశాం. నవ్వులు సద్దుమణిగి, ఒకడు ఇంకొకడికి టీ గ్లాసు అందించేదాకా ఆగాం. ఆ తర్వాతే గుండు.

ఇక చనిపోయినాయన భార్యకు చూపించాలి. ఒక ఆదివారం పొద్దున ఆమె చిత్తూరు నుంచి బస్సులో వచ్చింది. నేను తెర వైపు చూడలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాను. తెర మీద లావుపాటి సుబేదారు నడుముకు ఒక లేసు చాలక ఆమె భర్త పాత్రధారి రెండు లేసులు ముడివేయగానే ఆమె పకపకా నవ్వింది. గుండు పడ్డాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లైట్లు వేశాక నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, తప్పొకటి ఉండాది," అంది. "కొలత తీసేటప్పుడు మా ఆయన సెవిలో పెన్సిలు పెట్టుకుంటా ఉండె. మీవోడు పెట్టుకోలా."

"అంతేనా అక్కా?"

"అంతే. ఇన్నేండ్లూ ఇంటికొచ్చినోళ్లంతా ఆయన సచ్చిపోయిన సంగతే సెప్పినారు. మీరు ఆయన బతికుండింది సూపించినారు."

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. మాజీ సైనికుడు వచ్చి పక్కన కూర్చుని, "టిఫను తిన్న్యావా?" అన్నాడు. పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదని అప్పుడు తెలిసింది. ఆమెను కూడా పిలుచుకుని ముగ్గురం ఇడ్లీ తినడానికి నడిచాం. నేను రెండు ప్లేట్లు తిన్నాను.