అతుకు తెలియని గులాబీ

అమెరికాలోని అల్ఫారెట్టాలో పాత ఫర్నిచర్ అమ్మే షాపు వెనకగదిలో వీరాచారి రోజూ ముక్కుకు మాస్కు కట్టుకుని జిగురు కాస్తాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి బీరువా ఏది మరమ్మతుకు వచ్చినా ముందు వెల్లకిలా తిప్పి, ఆనాటి వడ్రంగి అడుగున కొట్టుకున్న పేరుముద్రను వేలితో తడుముతాడు. తన పేరు మాత్రం ఎక్కడా చెక్కడు. అతుకు తెలిసిపోతే పని చెడినట్టే. ఆవేళ సొరుగుల బీరువా కొన్న వసుమతి, దానిమీద రంగుకర్రలతో పొదిగిన గులాబీని నిమిరింది. "రాజ్, ఈ ఫినిషింగ్ చూడు! మనవాళ్ళకి ఇంత ఓపిక ఎక్కడుంది?" అంది భర్తతో. ఆ గులాబీని పోయినవారం కోసి అతికించింది వీరాచారే. అతను మాస్కుతోనే వచ్చి బీరువా ఎత్తబోతుంటే ఆమె ఇంగ్లీషులోకి మారింది: "కేర్‌ఫుల్! ఇట్స్ ఫ్రెంచ్." నోటిదాకా వచ్చిన తెలుగును మాస్కులోనే మింగి, వీరాచారి "యెస్ మేడమ్" అన్నాడు.